కుడి పక్క సీటు

ఆ ఏడు మా ఇంట్లో ఎండాకాలం బొంబాయి ఓడరేవులో మొదలైంది. మా ఆయన దుబాయి నుంచి విమానంలో ముందు దిగాడు. ఆయన కారు ఓడలో వెనక వచ్చింది. పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి మనిషిని వదిలేసిన సర్కారు, కారును మాత్రం పట్టుకుని కూర్చుంది.

"గదేమన్న దొంగ బండా? మనిషిని ఇడిసిపెట్టి బండిని పట్టుకునుడేంది?" అని మా అత్త బుచ్చవ్వ వాకిట్లో కూర్చుని రోజూ బొంబాయిని తిట్టేది. బొంబాయి ఏ దిక్కున ఉందో ఆమెకు తెలియదు కాబట్టి కోరుట్ల వైపు తిరిగి తిట్టేది.

దుబాయిలో మా ఆయన ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ అరబ్బు కొత్త కారు కొనుక్కుని, తన పాత తెల్ల జపాను కారును జీతం కింద ఈయనకు అంటగట్టాడు. అక్కడ ఎవరికీ అక్కరలేని కారుకు ఇక్కడ దిగేసరికి ఎక్కడలేని విలువ వచ్చింది. కస్టమ్స్ వాళ్లు దాన్ని పాతదిగా చూడలేదు. కొత్తదైతే ఎంత చేస్తుందో దాని మీద సుంకం వేశారు. నీ పేరు మీదికి ఎప్పుడు మారింది, అక్కడ నువ్వే వాడుకున్నావని రుజువేమిటి, ఈ సంతకం అరబ్బుదేనా అని ఒక కాగితం ఇస్తే ఇంకొకటి అడిగారు. మా ఆయన బొంబాయిలో మన దిక్కువాళ్ల గదిలో పడుకుని, పొద్దున్నే పోయి రేవు గేటు ముందు నిలబడేవాడు. లోపల కారు ఎండలో నిలబడేది. చివరికి నా మెడలోవి, చేతులవి పోతేగాని అది కదలలేదు. అప్పుడు కూడా ఒక షరతు పెట్టారు. అమ్మకూడదు, కిరాయికి తిప్పకూడదు, సొంతానికి మాత్రమే వాడుకోవాలి.

మా ఆయన సరేనని సంతకం పెట్టి వచ్చాడు. మనసులో ఉన్నది వేరు. కోరుట్ల చుట్టుపక్కల ఇంటికొకరు గల్ఫుకు పోయేవాళ్లే. వాళ్లను హైదరాబాదుకో బొంబాయికో దింపి వస్తే ఇల్లు గడుస్తుంది, చుట్టాలమంటే ఎవడు కాదంటాడని ఆయన ధీమా.

"ఇగ దుబాయి మొఖం చూడ కళా. బండి నడిచినన్ని దినాలు నేను ఈడ్నే ఉంట" అన్నాడు నాతో.

నాకు కారు మీద మోజు లేదు. నా మోజంతా ఆ మాట మీదే. పెళ్లయినప్పటి నుంచి మా కాపురం సెలవుల్లోనే జరిగింది. పిల్లలెందుకు లేరని ఊరంతా నన్నే అడిగింది, దుబాయిని ఎవరూ అడగలేదు. కారు ఉంటే మనిషి ఉంటాడు. అందుకే నగలు నా అంతట నేనే తీసి ఇచ్చాను.

కారు వచ్చిన రోజు నేను, మా మామ కొమురెల్లి పెద్ద రోడ్డు మీద ఎదురుచూశాం. మామ తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఎక్కీ దిగీ ఆయన అరికాళ్లు మొద్దుబారిపోయాయి, కారు వెనక మెత్తటి సీటు మీద కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పైకి ముడుచుకుని కూర్చున్నాడు. నేను ముందు సీట్లో ఎక్కాను. దుబాయి కారు కదా, స్టీరింగు ఎడమ పక్కన ఉంది. డ్రైవరు ఉండాల్సిన కుడి పక్కన నేనున్నాను. దారిలో బట్టలుతికే ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఓ లస్మవ్వా! గిటు సూడే! కళావతి చేతులు ఒళ్లె వెట్టుకొని కారు తోల్తాంది!"

నేను చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగు కింద పెట్టుకున్నాను. మా ఆయన పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

ఊరి మొదట్లో గడి, అంటే దొర కోట లాంటి ఇల్లు ఉంటుంది. జగపతి రావు దొర కాలంలో దాని ముందు ఎవరూ చెప్పులేసుకుని నడవలేదు, సైకిలు మీద పోలేదు. దిగి, తోసుకుంటూ పోయి, గోడ దాటాక మళ్లీ ఎక్కాలి. రైతుకూలీ సంఘం వచ్చాక దొర జగిత్యాలకు పోయి అక్కడే ఉండిపోయాడు, గడికి తాళం పడింది. ఊళ్లో పిల్లలు గంటలు మోగించుకుంటూ దాని ముందు సైకిళ్లు తొక్కారు. మా మామ మాత్రం తాళం వేసిన గడి ముందు కూడా దిగేవాడు. తర్వాత అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు వచ్చి, ఆ గడిలోనే క్యాంపు పెట్టారు. అందరూ మళ్లీ దిగడం మొదలుపెట్టారు. మామకు మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

"ఆపు రాజేశం" అన్నాడు మామ వెనక నుంచి.

"ఏమాయె నాయినా?"

"గడి అచ్చింది."

"అస్తె? కార్ల కూసున్నోడు దిగుతడానే?"

"నువ్వు కూసో కొడుకా. నా కాళ్లు దిగుతున్నయి, నేనేం జెయ్య."

తలుపు ఎలా తెరవాలో మామకు తెలియలేదు. నేనే దిగి తీశాను. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని ఆయన కారు పక్కన నడిచాడు. మా ఆయన పళ్లు కొరుకుతూ మెల్లగా పోనిచ్చాడు. ఇసుక బస్తాల వెనక నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చి, నా కిటికీలో తల పెట్టి లైసెన్సు అడిగాడు.

"నన్నడుగుతవేంది సారూ? నేను ఊకెనే కూసున్న. తోలేటాయన గాడున్నడు" అన్నాను.

స్టీరింగు కోసం వాడు కారంతా వెతికాడు. లోపలి నుంచి నలుగురు వచ్చి చూసి నవ్వారు. వెనక మెట్ల మీద ఎస్సై కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వలేదు, కారును మాత్రం ముందు నుంచి వెనక దాకా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. జీపు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పోయేదాన్ని.

కరీంనగర్ ఆఫీసులో నంబరు కోసం మళ్లీ తిరుగుడు. స్టీరింగు ఎడమ పక్కనుందని వెనకాల పెద్ద అక్షరాలతో రాయించమన్నారు. కోరుట్లలో బోర్డులు రాసే అతను ఎర్రరంగుతో రాసిపెట్టాడు. పెట్రోలు కోరుట్ల నుంచి డబ్బాలో తెచ్చుకునేవాళ్లం. టాంకీలో పోసే పని మామ తీసుకున్నాడు. మట్టి లొట్టిలోంచి సీసాలోకి కల్లు వంచిన చెయ్యి కదా, చుక్క కింద పడేది కాదు. గరాటు మీద తన తువ్వాలు పరిచి, కల్లులో ఈగలు వడగట్టినట్టే పెట్రోలు వడగట్టేవాడు.

"నీళ్లు పడకుండ సూడు నాయినా" అని మా ఆయన ప్రతిసారీ చెప్పేవాడు. "ఒక్క గిలాసెడు నీళ్లు పడ్డయంటె ఇంజను ఖల్లాస్. దీని సామాను ఇండియాల దొరకది. మల్ల దుబాయి, మల్ల బొంబాయి, మల్ల గా కస్టమ్సోళ్లు."

"నీళ్లెట్ల పడుతయిరా? నేను లేనా?" అనేవాడు మామ.

మొదటి ప్రయాణం సిరిసిల్లకు. మా ఆడబిడ్డ దేవవ్వ అక్కడ ఉంటుంది, మగ్గాల వాడలో. తమ్ముడి కారు తన వాకిట్లో ఆగాలని ఆమె కోరిక. మేమిద్దరమే బయల్దేరాం. రోడ్డు మీదికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. ముందు ఎడ్లబండో లారీయో ఉంటే, ఎడమ పక్క కూర్చున్న మనిషికి ఎదురుగా వచ్చేది కనిపించదు. కనిపించేది నాకే.

"సూడు కళా, ఏమన్న అస్తుందా?"

నేను కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. "లారీ అస్తుంది, ఆగు."

"ఇప్పుడు?"

"ఆగుమంటే... ఆఁ, ఏం లేదు. పో!"

కారు ఒక్క దూకు దూకి ముందుకు పోయింది. నాకు గుండె ఝల్లుమంది, వెంటనే నవ్వు వచ్చింది. వేములవాడ దాటేసరికి నేను ఆయన అడగకముందే చెబుతున్నాను. నేను పో అంటే ఆ మనిషి మారు ఆలోచన లేకుండా పోతున్నాడు. ఉత్తరాల్లో బాగున్నావా అంటే బాగున్నానని రాసుకోవడం తప్ప మా మధ్య వేరే మాట నడిచింది లేదు. ఇప్పుడు నా కళ్లు లేకపోతే ఆయన బండి కదలదు. సిరిసిల్లలో దేవవ్వ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, కారు చుట్టూ తిరిగి, "మా తమ్ముడు కుడి పక్క సీటు పెండ్లానికిచ్చిండు" అని వాడంతా చెప్పుకుంది. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

తిరిగి వచ్చేటప్పుడు జగిత్యాలలో చాయ్ తాగడానికి ఆగితే జనం మూగారు. ఎవరిదీ, ఏ ఊరు, ఎన్ని దినాలకు ఒకసారి పోతారు అని ఒకడు ఊరికే ఆరా తీశాడు. వాడు పోలీసులవాడో అన్నలవాడో, ఏమీ కాని వాడో తెలియదు. ఆ రోజుల్లో అడిగేవాళ్లందరూ ఒకేలా అడిగేవాళ్లు. నేను చాయ్ వదిలేసి పోదాం పద అన్నాను.

వానలు ఇక పడతాయనగా మామకు ఒక కబురు వచ్చింది. కల్లు తాగే మండువలో అన్నల మనిషి ఒకడు వచ్చి కూర్చుని, మోదుగాకు దొప్పలో కల్లు పోయించుకుని, తాగి, మెల్లగా చెప్పాడట. "తాతా, మీ బండి మీరు నడుపుకోండ్రి, మాకేం లేదు. పోలీసోళ్లను ఎక్కించుకున్న నాడు మాత్రం బండినీ ఇడువం, మిమ్ములనూ ఇడువం." అంతే చెప్పి లేచి పోయాడు. మామ ఇంటికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, సానరాయి ముందేసుకుని కత్తి నూరుకున్నాడు.

మరుసటి రోజు పొద్దు వాలేటప్పుడు ఎస్సై నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మా దిక్కు మనిషి కాదు, మాట వేరు. మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"రేపు పొద్దున సిరిసిల్ల వైపు పోవాలి. మా జీపులు ప్రతివాడికీ తెలుసు. నీ బండినైతే ఎవరూ అనుమానించరు. నువ్వే నడపాలి, ఆ ఎడమచేతి వాటం మావాళ్లకి చేతకాదు."

మా ఆయన చేతులు కట్టుకున్నాడు. "సార్, సొంతానికే వాడాలె, ఇంకెవ్వలకు ఇయ్యద్దని బొంబాయిల రాయించుకున్నరు సార్."

"రాయించుకున్నది సర్కారే కదా. ఇప్పుడడిగేదీ సర్కారే" అన్నాడు ఎస్సై, గ్లాసు కింద పెట్టి.

ఆయన పోయాక ఇంట్లో ఎవరికీ ఒక చోట కాలు నిలవలేదు. కారును మా పుట్టిల్లు గొల్లపల్లిలో దాచుదామన్నాను. తెల్ల కారు, వెనక ఎర్రటి రాత, దాన్ని ఎక్కడ దాచేది? పోనంటే గడిలో ఏం చేస్తారో ఊరందరికీ తెలుసు. పోతే అన్నలు ఏం చేస్తారో కూడా తెలుసు.

"ఒక్కపారే గదా. పోయత్త" అన్నాడు మా ఆయన నా వైపు చూడకుండా.

"కుడి పక్క సీట్ల ఎవరు కూసుంటరు?"

"ఎస్సై కూసుంటడట. ఎదురుంగ ఏమస్తుందో ఆయన చెప్తడట."

సిరిసిల్ల రోడ్డు మీద ఆ మనిషి పో అంటే ఈయన పోవాలి. నేను ఏడ్చాను, ఈయన్ని తిట్టాను, కారును తిట్టాను. అత్త నాతో పాటు బొంబాయిని తిట్టింది. మామ మాత్రం కత్తి నూరడం ఆపి ఒకే మాట అన్నాడు.

"కొత్త బండి. కాటమయ్యకు ఇంక మొక్కనే లేదు. సాక పొయ్యకుండ గసొంటి పనికి పోవద్దు. పొద్దుగాల మొక్కి పోదురని ఎస్సై సారుకు చెప్పు."

కొత్తది ఏది వచ్చినా మా కల్లుగీత వాళ్ల దేవుడు కాటమయ్య పేరు చెప్పి దాని ముందు కాస్త కల్లు ఒలకబోస్తాం. దాన్నే సాక అంటాం. కొడుకు ప్రాణం మీదికి వస్తే మామకు పూజ గుర్తొచ్చిందని నాకు మండింది.

పొద్దున మామూలు బట్టల్లో ఎస్సై, ముగ్గురు కానిస్టేబుళ్లు వచ్చారు. చేతి సంచుల్లో తుపాకులున్నట్టు తెలుస్తూనే ఉంది. పూజంటే ఎస్సై కాదనలేదు, జల్దీ కానివ్వమన్నాడు. ఒక కానిస్టేబుల్ అయితే చెప్పులు కూడా విడిచాడు. అలాంటి ప్రయాణానికి దేవుడు వాళ్లకూ కావాలి. అత్త కారుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. మా ఆయన ముందు నిలబడి కొబ్బరికాయ కొట్టాడు. మామ అప్పుడే దింపిన కల్లు లొట్టి చంకలో పెట్టుకుని, "కాటమయ్య తండ్రీ, సల్లంగ సూడు" అని బానెట్ ముందు నేల మీద సాక పోశాడు. తర్వాత కారు చుట్టూ తిరుగుతూ వెనక్కి పోయాడు.

గుడగుడమని చప్పుడు విని అందరం తిరిగాం. టాంకీ మూత తీసి ఉంది. మామ లొట్టి మొత్తం అందులోకి వంచుతున్నాడు. చుక్క కింద పడటం లేదు.

"నాయినా! ఏం జేస్తున్నవే!" అని మా ఆయన అరిచాడు.

"సాక పోస్తున్న కొడుకా. అంత దూరం పోయేది, బండి తల్లికి దూపైతది గదా" అన్నాడు మామ ఖాళీ లొట్టి చేతిలో పట్టుకుని.

ముందు ఒక కానిస్టేబుల్ నవ్వాడు. తర్వాత ముగ్గురూ పడీ పడీ నవ్వారు. కారుకు కల్లు తాపిండురా ముసలోడు, అని ఒకరి మీద ఒకరు వాలారు. ఎస్సై వచ్చి మామ చెంప మీద ఒకటి కొట్టాడు. మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయింది బాంచెన్, నాకేం ఎరుక" అన్నాడు.

ఎక్కు, ఎలా నడవదో చూద్దాం, అని ఎస్సై మా ఆయన్ని స్టీరింగు ముందుకు తోసి, తాను కుడి పక్కన కూర్చున్నాడు. నిమ్మకాయలు చితికాయి. పైపుల్లో మిగిలిన పెట్రోలుతో కారు వీధి చివరిదాకా బాగానే పోయింది. తర్వాత దగ్గింది, తుమ్మింది, ఊగింది. సరిగ్గా గడి ముందుకు పోయి ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా, తిప్పినకొద్దీ లోపల ఏదో విరిగిన చప్పుడే వచ్చింది. అప్పుడు ఎస్సై, ముగ్గురు కానిస్టేబుళ్లు గడి ముందు కారు దిగి, వెనక చేతులు వేసి, దాన్ని గోడ దాటేదాకా తోశారు. ఊరు ఊరంతా తలుపుల సందుల్లోంచి చూసింది.

కోరుట్ల మెకానిక్ వచ్చి విప్పాడు. పెట్రోలు తోడే పంపు పోయిందన్నాడు, ఇంకా ఏవేవో పోయాయన్నాడు. సామాను దుబాయి నుంచే రావాలి. మా ఆయన విప్పిన ఇనుప ముక్కల ముందు కూర్చున్నాడు. ఎవరైనా సెలవు మీద వచ్చేటప్పుడు సామాను తెప్పించవచ్చు. కానీ పోతూ పోతూ ఎస్సై ఒక మాట అని పోయాడు, "బాగవగానే కబురు చెయ్యి, నీ బండితో మాకు చాలా పనుంది" అని. బాగుచేయించుకునే దారి అక్కడే మూసుకుపోయింది. కారు నడిస్తే ఈయన ఉండలేడు. నడవకపోతే ఇక్కడ ఈయనకు పనిలేదు.

అరబ్బుకు ఉత్తరం పోయింది. వానలు బాగా పట్టేసరికి రమ్మని జవాబు వచ్చింది. నాకు మామ మీద ఎంత కోపమంటే, అన్నం కంచం ఆయన ముందు విసిరేసినట్టు పెట్టేదాన్ని. బుద్ధి లేని ముసలోడు నా కాపురాన్ని కల్లులో కలిపాడని బుచ్చవ్వ వింటుండగానే అన్నాను. మామ తల వంచుకుని తినేవాడు.

పోయే రోజు మామ పెట్టెను సైకిలు కారేజీకి కట్టి ముందు బయల్దేరాడు. నేను, మా ఆయన వెనక నడిచాం. గడి ముందు మామ దిగలేదు. తొక్కుతూనే పోయాడు. "ఏయ్, దిగు!" అని ఒకడు అరిచేలోపే ఇంకొకడు, "కారుకు కల్లు పోసినోడు రా, పోనీ" అన్నాడు. వాళ్ల నవ్వు మా వెనక చాలా దూరం వినిపించింది.

కోరుట్లలో బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని తల బయట పెట్టాడు. బస్సు రోడ్డు మీదికి తిరిగేటప్పుడు ఆయనే అన్నాడు.

"సూడు కళా. ఏమన్న అస్తుందా?"

ఒక్క లారీ అయినా రావాలని రోడ్డు ఆ చివరిదాకా చూశాను. వాన వెలిసిన రోడ్డు ఖాళీగా ఉంది.

"ఏం లేదు" అన్నాను. "పో."

తిరిగి వచ్చేటప్పుడు మామ సైకిలు తోసుకుంటూ నా పక్కన నడిచాడు. గడి దగ్గర కానిస్టేబుల్, "తాతా, ఇయ్యాల బస్సుకు తాపినవా కల్లు?" అని అడిగాడు. మామ చేతులు జోడించి పిచ్చినవ్వు నవ్వాడు. గోడ దాటాక ఆ నవ్వు మొహంలో లేదు. గరాటు మీద పరిచిన తువ్వాలు, నీళ్లెట్ల పడుతయిరా నేను లేనా అన్న మాట నాకు ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను ఆగాను.

"మామా, కల్లు పోస్తె బండి ఖరాబైతదని నీకు ఎరుకేనా?"

మామ సైకిలు ఆపాడు. నా మొహం చూడలేదు, హ్యాండిలుకు అంటిన మట్టిని తువ్వాలుతో తుడిచాడు.

"దుబాయికెళ్లయితే ఉత్తరమన్న అస్తది బిడ్డా" అన్నాడు.

ఇంటి వాకిట్లో కారు అలాగే ఉంది. దాని కుడి పక్క కిటికీ ఎవరూ మూయలేదు, సీటు మీద కోడి కూర్చుంది. నా కోపం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ పూట మాత్రం ముందు మామకే వడ్డించి, కంచం మెల్లగా కింద పెట్టాను.